పాలు పోస్తారా, పొయ్యరా? ఇంట్లో కాఫీకి ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

"ఇంట్లో మంచి కాఫీ తాగాలనుంది, ఏ మెషీన్ కొనమంటారు?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మెషీన్ సంగతి ఆఖరున తేల్చుకోవాల్సింది. ముందు తేలాల్సింది మీరు కాఫీలో పాలు పోసుకుంటారా, పోసుకోరా అన్నది. పాల కాఫీకీ నల్ల కాఫీకీ గింజ వేరు, వేపు వేరు, పొడి పట్టించే తీరు వేరు, సాధనం కూడా వేరే. ఇది తేల్చుకోకుండా కొన్నందువల్లే ఎన్నో ఇళ్లలో ఫ్రెంచ్ ప్రెస్సులు (జాలీని కిందికి నొక్కి కాఫీ వడగట్టే జాడీలు) అటకెక్కాయి.

కారణం చిక్కదనంలో ఉంది. కాగితం ఫిల్టర్ మీద పోసిన కాఫీలో గానీ, ఫ్రెంచ్ ప్రెస్ కాఫీలో గానీ పొడి నుంచి కరిగి వచ్చిన సారం 1.2 నుంచి 1.5 శాతం దాకా ఉంటుంది. మిగతాదంతా నీళ్లే. మెషీన్ ఎక్కువ ఒత్తిడితో తీసే ఎస్ప్రెసోలో అదే సారం 8 నుంచి 12 శాతం. మన స్టీలు ఫిల్టర్ డికాక్షన్, పొయ్యి మీద ఆవిరితో తీసే మోకా పాట్ కాఫీ ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. గ్లాసులో మూడొంతులు పాలే ఉండే మన అలవాటుకు చిక్కటి సారం కావాలి. పల్చటి కాఫీలో పాలు పోస్తే పాలూ కాని, కాఫీ కాని ఒక ద్రవం తయారవుతుంది. చిక్కటి డికాక్షన్‌ని పాలు లేకుండా తాగితే గొంతు దిగదు. జత కుదరకపోతే ఎంత ఖరీదైన సాధనమైనా మంచి కాఫీ ఇవ్వలేదు.

కాబట్టి నేను చెప్పే వరుస ఇది: మొదట పాలు, తర్వాత పొడి, ఆపైన సాధనం.

పాలు పోసుకునేవారికి

రోజుకు రెండుసార్లు పాల కాఫీ తాగే ఇంటికి స్టీలు ఫిల్టర్‌ని మించింది నాకు కనబడలేదు. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, కరెంటు అక్కర్లేదు, పాడయ్యే భాగం లేదు, ఇరవై ఏళ్లయినా పనిచేస్తుంది. రాత్రి పడుకునే ముందు వేసి పెడితే పొద్దున లేచేసరికి డికాక్షన్ సిద్ధంగా ఉంటుంది. ఈ సౌకర్యం వేల రూపాయల మెషీన్లలో కూడా లేదు.

కొనేటప్పుడు చూడాల్సింది సైజు. చుట్టాలొస్తే పనికొస్తుందని పెద్దది కొనేస్తారు. ఇద్దరికి సరిపడా పొడి పెద్ద ఫిల్టర్‌లో వేస్తే అడుగున పల్చగా పరుచుకుంటుంది, నీళ్లు ఆగకుండా జారిపోతాయి, డికాక్షన్ నీళ్లలా వస్తుంది. పై గిన్నెలో సగానికి దగ్గరగా పొడి నిండే సైజు తీసుకోండి. ఇంట్లో జనం ఎక్కువైతే చిన్నదొకటి, పెద్దదొకటి ఉంచుకోవడమే మంచిది. ఇత్తడి ఫిల్టర్ చూడముచ్చటగా ఉంటుంది. రుచిలో మాత్రం నాకు తేడా తెలియలేదు, పైగా చింతపండుతో తోముకునే పని అదనం.

ఇద్దరికి నాకు కుదిరిన కొలత: 20 నుంచి 25 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్లు. పొడి కొంత నీటిని పట్టేసుకుంటుంది కాబట్టి కిందికి వంద మిల్లీలీటర్లు దిగుతుంది. పొడిని గట్టిగా అదమకూడదు. కాడ ఉన్న చిల్లుల బిళ్ళను పైన ఊరికే ఆనించి, పొంగిన నీళ్లు ముందు రెండు చెంచాలు చుట్టూ పోసి, పొడి తడిసి ఉబ్బాక మిగతావి పోయండి. పావుగంట నుంచి అరగంటలో దిగుతుంది. చల్లారిన డికాక్షన్‌ని నేరుగా పొయ్యి మీద పెట్టి మరిగించారంటే వాసనంతా గాలిలో కలిసిపోయి చేదు మిగులుతుంది. వేడి నీళ్ల గిన్నెలో డికాక్షన్ గిన్నె ఉంచితే చాలు, లేదా పాలే బాగా పొంగనిచ్చి కలుపుకోవాలి.

డికాక్షన్ దిగడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది. చిల్లులు పూడుకుపోయి ఉండొచ్చు. ఖాళీ పై గిన్నెను బాగా ఆరబెట్టి, అడుగుభాగాన్ని గ్యాస్ మంట మీద కొద్దిసేపు చూపిస్తే ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కొత్తదానిలా పారుతుంది. చిల్లులు బాగానే ఉన్నా దిగకపోతే పొడి మరీ మెత్తగా పట్టించారనో, చికోరీ ఎక్కువగా ఉందనో అర్థం.

రెండో డికాక్షన్ గురించి ఒక మాట. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే వచ్చేది ఎక్కువగా చేదు, వగరు. మొదటి డికాక్షన్ కాస్త మిగిలి ఉంటే దాన్ని సాగదీయడానికి పనికొస్తుంది. దానితోనే కాఫీ కలిపి ఎవరికీ ఇవ్వకండి.

పొడి ఎంపిక, చికోరీ లెక్క

నిజమైన రుచి తేడా ఇక్కడే వస్తుంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పొడి పట్టించి ఇచ్చే కొట్టుకు వెళ్తే ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ, రోబస్టా చెర్రీ అని బోర్డు కనిపిస్తుంది. అరబికా, రోబస్టా అనేవి కాఫీలో రెండు ప్రధాన జాతులు. ప్లాంటేషన్ అంటే పండు తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా, పక్కనున్న 'ఏ' గింజ సైజును బట్టి ఇచ్చే గ్రేడు. చెర్రీ అంటే పండు పండుగానే ఎండబెట్టి తర్వాత పొట్టు తీసింది. పండులో మామూలుగా రెండు గింజలు ముఖాముఖిగా పెరుగుతాయి కనుక ఒకవైపు చదునుగా ఉంటాయి. ఒక్కటే పెరిగితే గుండ్రంగా వస్తుంది, అదే పీబెర్రీ. వేపడంలో గుండ్రటి గింజ సమంగా దొర్లుతుంది, చూడటానికీ బాగుంటుంది. అయితే పాలూ పంచదారా కలిసే కాఫీలో ఆ పేరు కోసం ఎక్కువ ధర పెట్టడం అనవసరం. ఆ డబ్బుతో నిన్నో మొన్నో వేపిన మామూలు ప్లాంటేషన్ ఏ కొనండి. కొట్టులో గింజ పేరు కన్నా ముందు "ఎప్పుడు వేపారు?" అని అడగాలి.

రోబస్టాని చులకనగా చూసే అలవాటు ఒకటి వచ్చింది. మన దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం రోబస్టానే. దానిలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు, పులుపు తక్కువ, చిక్కదనం ఎక్కువ. పాల కాఫీకి కావాల్సిన లక్షణాలు ఇవే. మూడు పాళ్లు ప్లాంటేషన్‌కి ఒక పాలు రోబస్టా కలిపించి చూడండి. అరబికా వాసన ఇస్తుంది, రోబస్టా పాలను మోస్తుంది. పూర్తిగా రోబస్టా అయితే మోటుగా ఉంటుంది, కానీ అదే ఇష్టపడే ఇళ్లు నాకు తెలుసు. వాళ్ల నాలుక వాళ్లది.

ఇక చికోరీ. ఇది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేపి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. దానిలో కెఫీన్ ఉండదు. రంగు ముదురుగా, డికాక్షన్ చిక్కగా, రుచి కొంచెం తీపి కలిసిన చేదుగా చేస్తుంది. నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి డికాక్షన్ నిదానంగా దిగి సారం బాగా వస్తుంది. చికోరీ కలపడాన్ని కల్తీ అనలేం. ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి, కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ 49 శాతం దాటకూడదని నిబంధన. ప్యాకెట్ తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఫిల్టర్ కాఫీ పొడిగా అమ్ముడయ్యే ప్యాకెట్లలో 53:47 లెక్కన ఉండేవి కూడా ఉన్నాయి, అంటే దాదాపు సగం చికోరీయే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 15 నుంచి 20 శాతం చికోరీ పాల కాఫీకి అందం. మనం చిన్నప్పటి నుంచి హోటల్లో, పెళ్లిళ్లలో తాగిన కాఫీలో దాని వాటా ఉంది, అది లేకపోతే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. 30 శాతం దాటితే మాత్రం కాఫీ వాసన వెనక్కిపోతుంది, మీరు కాఫీ ధర ఇచ్చి వేరు పొడి కొన్నట్టు అవుతుంది. రాత్రి నిద్ర పట్టదని కెఫీన్ తగ్గించుకోవాలనుకునే పెద్దవాళ్లకు ఎక్కువ చికోరీ ఉన్న పొడి సాయంత్రం పూటకు మంచి దారి. చికోరీ అస్సలు వద్దనుకునేవాళ్లు ప్యూర్ కాఫీ తెచ్చుకుని, ఒక చెంచా ఎక్కువ వేసి, కాస్త సన్నగా పట్టించుకోవాలి. లేకపోతే మొదటి రోజే పల్చగా వచ్చిందని నిరాశపడతారు.

ఒకేసారి కిలో కొనకండి. వేపిన గింజ రెండు మూడు వారాలు బాగుంటుంది, పొడి చేశాక ఆ వాసన రోజుల్లోనే తగ్గిపోతుంది. వంద, రెండొందల గ్రాములు తెచ్చుకుని గాలి చొరని డబ్బాలో పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తుంటే డబ్బాలో చెమ్మ చేరుతుంది, పక్కనున్న కూర వాసన కూడా పడుతుంది.

పాల సంగతి మరవకూడదు. టోన్డ్ పాలల్లో కొవ్వు 3 శాతం, స్టాండర్డైజ్డ్‌లో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. చికోరీ లేని పొడి వాడేవాళ్లకు ఫుల్ క్రీమ్ పాలు ఆ లోటు తీరుస్తాయి. చికోరీ బాగా ఉన్న పొడికి టోన్డ్ పాలు చాలు. గేదె పాలు దొరికే ఊళ్లో ఉన్నవాళ్ల అదృష్టమే వేరు, ఆ కమ్మదనం ప్యాకెట్‌లో రాదు. ఒకసారి పొంగినవి పొంగినట్టు వాడాలి. పొద్దుటి నుంచి అయిదారుసార్లు కాగిన పాలతో ఎంత మంచి డికాక్షన్ అయినా మాడు రుచి వస్తుంది.

ఇన్‌స్టంట్ తక్కువదా?

కొందరు ఇన్‌స్టంట్‌ని కాఫీ కిందే లెక్కగట్టరు. నేను ఒప్పుకోను. దాన్నీ కాఫీ గింజ నుంచే తీస్తారు. గింజను వేపి, సారం తీసి, నీటిని ఆవిరి చేసి పొడిగా మారుస్తారు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ కాఫీ ఎన్నో దేశాలకు వెళ్తోంది. మనకు పసుపు మార్కెట్‌గా తెలిసిన ఊరు అది.

ఫిల్టర్‌తో పోలిస్తే దీనిలో పోయేది వాసన. నీరు ఆవిరయ్యేటప్పుడు ఆ నూనెల సువాసన చాలావరకు వెళ్లిపోతుంది. దీనికే ఉన్న గొప్ప సౌలభ్యం కూడా ఒకటుంది: నీటి చుక్క లేకుండా అచ్చం పాలల్లోనే కలుపుకోవచ్చు. చిక్కటి పాల కాఫీ ఇష్టపడేవారిలో చాలామందికి ఫిల్టర్ కాఫీ "నీళ్ల నీళ్లగా" అనిపించడానికి ఇదే కారణం. వాళ్లను మార్చాలని చూడకండి.

ఇక్కడా లేబుల్ చూడాలి. కొన్ని సీసాల్లో నూరు శాతం కాఫీ, కొన్నింటిలో 70:30 లెక్కన చికోరీ. ఒకే కంపెనీలో రెండు రకాలూ ఉంటాయి. పాలల్లోకి రెండోది చిక్కగా ఉంటుంది, నల్లగా తాగితే మొదటిదే తీసుకోవాలి. ఫ్రీజ్ డ్రైడ్ అని రాసి ఉన్న పలుకుల్లాంటి కాఫీకి ధర ఎక్కువ. గడ్డకట్టించి నీరు తీస్తారు కనుక వాసన కొంత నిలుస్తుంది. అయితే ఆ తేడా నల్ల కాఫీలో తెలిసినంతగా పాలల్లో తెలియదు. ఏ రకమైనా ముందు చెంచాడు గోరువెచ్చటి నీళ్లతోనో, పాలతోనో పంచదార వేసి గిలక్కొట్టి, తర్వాత వేడి పాలు పోస్తే గరుకుదనం పోతుంది.

పొద్దున్నే ఆఫీసు బస్సు పట్టుకోవాల్సిన వ్యక్తికి, ఒక్కరే ఉంటున్న పెద్దవారికి, హాస్టల్ గదికి ఇన్‌స్టంట్‌నే నేను సిఫారసు చేస్తాను.

మోకా పాట్, ఎస్ప్రెసో మెషీన్

మోకా పాట్ 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి పేరుతో వచ్చింది. కింద నీళ్లు, నడుమ పొడి, పైన కాఫీ. నీళ్లు మరిగినప్పుడు పుట్టే ఆవిరి ఒత్తిడి నీటిని పొడి గుండా పైకి తోస్తుంది. అయిదారు నిమిషాల్లో పని అవుతుంది. ఫిల్టర్ కన్నా ఘాటుగా, కాస్త కాలిన వాసనతో ఉంటుంది. డికాక్షన్‌లో ఉండే మెత్తదనం దీనిలో ఉండదు. అప్పటికప్పుడు వేడివేడిగా చిక్కటి కాఫీ కావాలనుకునేవారికి, ముందు రోజు రాత్రి ఫిల్టర్ వేయడం గుర్తుండనివారికి ఇది బాగుంటుంది.

మోకా పాట్‌కి చికోరీ కలిసిన మెత్తటి పొడి వేయకండి, దారి పూడుకుపోతుంది. నీళ్లు పక్కనున్న చిన్న వాల్వ్ కిందిదాకానే పోయాలి. ఆ వాల్వ్ ఆవిరి ఎక్కువైతే బయటికి వదలడానికి ఉంది, దాన్ని ఎప్పుడూ శుభ్రంగా ఉంచాలి. పొడిని అదమకుండా అంచు దాకా సమం చేయండి. మంట సన్నగా పెట్టి, గురగుర చప్పుడు మొదలవగానే దించేయండి. ఆఖరి బుడగలతో వచ్చేదంతా చేదు. మన గ్యాస్ పొయ్యిల కాళ్ల మధ్య చిన్న పాట్ నిలవదు, పైన ఒక జాలీ స్టాండ్ పెట్టుకోవాలి. ఇండక్షన్ స్టవ్ మీద అల్యూమినియం పాట్ పనిచేయదు, స్టీలుది వెతుక్కోవాలి. "మూడు కప్పులది" అని ఉంటే ఇటలీవాళ్ల చిన్న కప్పుల లెక్క అది. మన లెక్కలో ఇద్దరికి పాల కాఫీ వస్తుంది.

ఎస్ప్రెసో మెషీన్ విషయంలో నా సలహా ఆగమనే. కెఫేలో తాగే కపుచినో ఇంట్లో కావాలంటే మెషీన్‌తో పాటు మంచి గ్రైండర్ కూడా కొనాలి, చాలామంది ఇది లెక్కలో వేసుకోరు. తొమ్మిది బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు) ఒత్తిడిలో 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్లలో రావాలంటే పొడి సన్నదనం రోజూ సరిచూసుకోవాలి. ఇది ఓపికగా నేర్చుకోవాలన్న కోరిక మీకు ఉంటే సంతోషంగా కొనండి, ఆ రుచి మరోదానితో రాదు. కేవలం చిక్కటి పాల కాఫీ కోసమైతే ఫిల్టర్, మోకా ఉండగా అన్ని వేలు పెట్టొద్దు.

పాలు లేకుండా తాగేవారికి

నల్ల కాఫీలో గింజ దాక్కోవడానికి చోటు ఉండదు. వేపు, పుట్టిన నేల, ఆరబెట్టిన తీరు అన్నీ నాలుకకు తెలుస్తాయి. అందుకే ఈ దారిలో సాధనం కన్నా గింజకు ఎక్కువ ఖర్చు పెట్టండి.

ముందు పులుపు గురించి తేల్చుకోవాలి. లేత వేపు కాఫీలో నిమ్మనో, రేగుపండునో తలపించే పులుపు ఉంటుంది. పాల కాఫీకి అలవాటైన మన నాలుకకు మొదటిసారి అది పాడైపోయిన కాఫీలా తోస్తుంది. పాడవ్వలేదు, ఆ వేపు స్వభావమే అంత. మొదలుపెట్టేవారు మధ్యస్థ వేపుతో మొదలుపెట్టాలి. పులుపు అస్సలు గిట్టని వారికి మాన్సూన్డ్ మలబార్ అనే రకం ఉంది. పడమటి తీరంలో వర్షాకాలపు తేమగాలికి గింజల్ని వదిలితే అవి ఉబ్బి, రంగు పాలిపోయి, పులుపు చాలావరకు కోల్పోతాయి. నల్లగా తాగినా నోటికి ఒరుసుకోదు.

మన సొంత గింజ అరకుది. 900 మీటర్ల ఎత్తు దాటిన ఆ కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు అరబికా పండిస్తున్నారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అదే ఏడు కూర్గ్ అరబికా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడన్‌గిరి అరబికా, వాయనాడ్ రోబస్టాలకూ ఆ గుర్తింపు దక్కింది. పారిస్‌లో కూడా అరకు పేరుతో కాఫీ దుకాణం ఉంది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరికే అరకు పొడి తక్కువ ఖర్చుతో మొదలుపెట్టడానికి బాగుంటుంది. కొనేముందు అది చికోరీ కలిసిన రకమో, ప్యూర్ రకమో చూసుకోండి. నల్లగా తాగడానికి ప్యూర్‌దే.

ఇప్పుడు సాధనాలు. ఫ్రెంచ్ ప్రెస్ అన్నిటికన్నా తేలిక. బొంబాయి రవ్వ కన్నా ముతకగా పట్టిన పొడి 15 గ్రాములు, 250 మిల్లీలీటర్ల వేడినీళ్లు, నాలుగు నిమిషాలు, తర్వాత జాలీ కిందికి నొక్కడమే. నిండైన రుచి. అడుగున మడ్డి మిగులుతుంది, ఆఖరి గుక్క వదిలేయాలి. ఫిల్టర్ కాఫీ నుంచి నల్ల కాఫీకి మారేవారికి ఇదే దగ్గరి దారి. కొట్టులో ఫిల్టర్ కోసం పట్టిన సన్న పొడి మాత్రం దీనిలో వేయకండి. జాలీ గుండా జారి నోటికి ఇసుకలా తగులుతుంది.

కాగితం ఫిల్టర్ మీద పోసే పద్ధతి, అంటే వీ60 లాంటి శంఖు గిన్నెలు, ఇంకో రకం మనుషులకు. జర్మనీలో మెలిటా బెంట్స్ 1908లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మడ్డి లేకుండా తేటగా, టీ లాగా పల్చగా ఉంటుంది. అరకు గింజలోని పండ్ల వాసన నాకు స్పష్టంగా తెలిసింది ఈ పద్ధతిలోనే. అయితే మూడు నిమిషాలు పక్కనే నిలబడి కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి, కాగితాలు ఎప్పటికప్పుడు కొంటూ ఉండాలి. పొద్దుటి హడావిడిలో ఉన్న ఇంటికి ఇది పని కాదు, సెలవు రోజు మధ్యాహ్నానికి బాగుంటుంది.

ఎయిరోప్రెస్ ఈ రెండింటి నడుమ ఉంటుంది. ప్లాస్టిక్ గొట్టం, చిన్న కాగితం బిళ్ళ, రెండు నిమిషాల పని, కడగడం పది సెకన్లు. కిందపడినా పగలదు. ప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి, ఇంట్లో ఒక్కరే నల్ల కాఫీ తాగేవారికి దీన్ని మించింది లేదు. నీళ్లు తక్కువ పోసి చిక్కగా తీస్తే కాసిన్ని పాలు కూడా పడతాయి. ఒకసారికి ఒక్క కప్పే వస్తుంది, నలుగురున్న ఇంటికి చాలదు.

ఎండాకాలానికి కోల్డ్ బ్రూ సులువు. ముతక పొడి ఒక వంతుకు ఎనిమిది వంతుల చల్లటి నీళ్లు పోసి, సీసాలో 12 నుంచి 16 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి గుడ్డలో వడగట్టండి. పులుపు, చేదు రెండూ తక్కువ. కొత్త సాధనం ఏమీ కొనక్కర్లేదు.

గ్రైండర్ కొనాలా అంటే, పాల కాఫీకి అక్కర్లేదు, కొట్టులో పట్టించుకుంటే సరిపోతుంది. నల్ల కాఫీకి కొనాలి, అదీ చేత్తో తిప్పే బర్ గ్రైండర్ (గింజను రెండు పళ్ల చక్రాల మధ్య సమంగా నలిపేది). మిక్సీలో కొడితే కొంత పిండి, కొంత పలుకు అవుతుంది. పిండి నుంచి చేదు, పలుకు నుంచి పులుపు దిగి, రెండూ ఒకే కప్పులో పోట్లాడతాయి. నీళ్ల మాట కూడా ఇక్కడే: ఉప్పదనం ఉన్న బోరు నీళ్లతో మంచి గింజ వృథా. మరీ తేలిక చేసిన ఆర్వో నీళ్లతో రుచి చప్పగా వస్తుంది. మామూలు మంచినీళ్లు ఫిల్టర్ చేసి వాడుకోండి.

ఒంటికి ఎంతవరకు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని వాళ్ల లెక్క. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ మానమన్నారు, ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది కనుక. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, పిల్లలు ఉన్న ఇళ్లలో టిఫిన్‌తో పాటే కాఫీ ఇచ్చే అలవాటు మార్చుకోవడం మంచిది. గర్భిణులు ఎంత తాగవచ్చో డాక్టర్‌నే అడగాలి.

కొలెస్ట్రాల్ టెన్షన్ ఉన్నవారు సాధనం ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించాలి. కాఫీ నూనెల్లో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది, ఫ్రెంచ్ ప్రెస్ జాలీ ఆపలేదు. రోజుకు మూడు నాలుగు కప్పులు ప్రెస్ కాఫీ తాగే అలవాటు ఉంటే కాగితానికి మారండి.

విదేశాల్లో ఉన్నవారికి

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊరి నుంచి తెచ్చుకున్న పొడి అయిపోయాక దిగులుపడుతుంటారు. న్యూ ఆర్లీన్స్ నగరానికి చికోరీ కాఫీ సంప్రదాయం ఉంది. అక్కడి కెఫే డు మాండ్ డబ్బా ఆసియా సరుకుల దుకాణాల్లో దొరుకుతుంది. స్టీలు ఫిల్టర్‌లో వేస్తే మన డికాక్షన్‌కి చాలా దగ్గరగా వస్తుంది. అక్కడి హోల్ మిల్క్‌లో కొవ్వు 3.25 శాతమే కాబట్టి కొంచెం హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం క్రీమ్ కలిపి అమ్మేది) కలుపుకుంటే మన చిక్కదనం వస్తుంది. ఫిల్టర్ లేకపోతే డ్రిప్ మెషీన్‌లోనే పొడి రెట్టింపు, నీళ్లు సగం పోసి డికాక్షన్ తీసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పద్ధతికి నేను వంక పెట్టను.

ఒకే ఇంట్లో రెండు రకాలు

అత్తగారికి చిక్కటి చికోరీ కాఫీ, కోడలికి నల్లది, మామగారికి పంచదార లేకుండా పాల కాఫీ, పిల్లాడికి కోల్డ్ కాఫీ. ఇప్పటి ఇళ్లలో ఇది మామూలే. అందరికీ ఒకే సాధనం వెతికితే ఎవరికీ తృప్తి ఉండదు. అలాంటి ఇంటికి ఒక స్టీలు ఫిల్టర్, ఒక ఎయిరోప్రెస్ చాలు. ఒక మాదిరి ఎస్ప్రెసో మెషీన్ ధరలో ఈ రెండూ వచ్చి, ఏడాది పొడవునా మంచి గింజ కొనుక్కునే డబ్బు మిగులుతుంది. కోల్డ్ కాఫీకి మిగిలిన డికాక్షన్ పనికొస్తుంది.

పొడి మాత్రం రెండు రకాలు తేవాలి: ఫిల్టర్‌కి 20 శాతం చికోరీతో రెండొందల గ్రాములు, ఎయిరోప్రెస్‌కి చికోరీ లేని అరకుది వంద గ్రాములు, ఫిల్టర్ పొడి కన్నా ఒక పిసరు ముతకగా. డబ్బాల మీద పేరు, తెచ్చిన తారీఖు రాసి అతికించండి. రెండు పొడులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, తారుమారైతే రెండు కప్పులూ పాడవుతాయి.